పట్టుపురుగుల షెడ్డులో కాళ్ల రోలరు

తమిళ్‌సెల్వి కాళ్లకు బామ్ రాయకూడదు, నూనె పూయకూడదు. ఇది ఏ డాక్టరో పెట్టిన పథ్యం కాదు. పట్టుపురుగులు పెట్టిన పథ్యం.

తమిళనాడులో ధర్మపురి దగ్గర కారిమంగళం దాటి లోపలికి పోతే జయరామ అనే రైతుకు మల్బరీ తోట ఉంది. తోట చివర పురుగులు పెంచే షెడ్డు. తమిళ్‌సెల్వి అందులో కూలి. మాది పక్క ఇల్లే, నేను ఆమెను అక్కా అంటాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పేరు తమిళం, చదువు తమిళం. నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆమెకు రావు. కాబట్టి ఇందులో ఏం రాసినా నన్ను తిట్టే వీలు ఆమెకు లేదు.

వాసన పట్టుపురుగుకు పడదు. బామ్, కర్పూరం, బీడీ, మల్లెపూలు, సెంటు సబ్బు, ఏది తగిలినా ఆకు మీద నుంచి తల పక్కకు తిప్పేస్తుందని ఇక్కడ అందరి నమ్మకం. అందుకని జయరామ తల్లి మునివెంకటమ్మ షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. డెబ్బై దాటిన మనిషి. కళ్లు మసకబారాయి గాని ముక్కు మాత్రం ఇంకా పదునే. లోపలికి పోయే ప్రతివాళ్లూ ఆమె ముందు చేతులు చాపాలి. ఒకసారి జయరామ బావమరిది తీర్థమలైలో దర్శనం చేసుకుని నేరుగా షెడ్డుకు వచ్చాడు.

"పొయ్యి చేతులు కడుక్కోని రా," అంది ముసలామె.

"దేవుడి కర్పూరం అత్తా."

"దేవుడొచ్చి మేపతాడా పురుగుల్ని? నేను మేపతా ఉండా. పో."

ఆ షెడ్డులో పని అంతా వంగి చేసేదే. తోటలో ఆకు కోయడానికి వంగాలి, మోపు ఎత్తడానికి వంగాలి, కింది అరల్లో పురుగులకు ఆకు పరచడానికి గొంతుకూర్చోవాలి. సాయంకాలానికి తమిళ్‌సెల్వి పిక్కలు రాళ్లు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే వేళ్లు సగం కాలి దగ్గరే ఆగిపోయేవి. మామూలు కూలి అయితే దానికి పేరు కూడా పెట్టరు, వయసైపోతోందని ఊరుకుంటారు. కానీ ఆమెకు పోలీసు కావాలని ఉంది.

ఎందుకు పోలీసు అని నేను అడిగితే ఆమె చెప్పిన కారణం ఒకటే. "ఆడోళ్లకు టికెట్ లేదని, స్టాపులో మేము నిలబడితే బస్సు ఆపకుండా పోతాడు చూడు. ఆ యూనిఫారం ఏసుకోని ఒక్కసారి చెయ్యెత్తాల నేను. ఎట్ల ఆపడో చూస్తా." దేశసేవ అని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ని కాను. ఇది నమ్మాను.

రాత పరీక్ష ఆమె పాసైంది. మిగిలింది గ్రౌండు పరీక్ష: పరుగు, బంతి విసరడం, లాంగ్ జంప్. కిందటిసారి కూడా ఇక్కడిదాకా వచ్చి లాంగ్ జంప్‌లో జానెడు తక్కువ పడి తిరిగి వచ్చింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక దరఖాస్తు చేసే హక్కే ఉండదు. జానెడు ఇసుక ఒక మనిషి బతుకును అటో ఇటో తేల్చేస్తుందంటే నాకు కోపం వస్తుంది. ఆమెకు మాత్రం కోపం రాలేదు. ఆ జానెడు ఎక్కడ పోయిందని వెతకడం మొదలుపెట్టింది.

ధర్మపురి గ్రౌండులో సెల్వం అనే ఒక మాస్టరు ఇలాంటి అమ్మాయిలకు తర్ఫీదు ఇస్తాడు. పురుగులు చాకీ అనే పసి దశ దాటి పెద్దవి కాకముందు కొంత తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో ఆమె బస్సెక్కి పోయి వచ్చేది. ఒకరోజు తిరిగి వస్తూనే మా గడప దగ్గర ఆగింది.

"ఒరేయ్, ఫోములో చుట్టిన పైపు ఒకటుంది. దానిమీద కాళ్లు పెట్టి దొర్లిస్తారు. దొర్లించినాక వంగి చూస్తే నా చెయ్యి చీలమండ దాకా పోయింది. ఎట్ల పోయింది?"

"నూనె రాసినారా?"

"చుక్క లేదు. అదే కదా. ఒట్టి కాలు మీదే."

ఆమె కళ్లలో వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. నూనె లేదు, బామ్ లేదు, వాసన లేదు. ఆ ముసలామె ముక్కు దాటి లోపలికి పోగల వైద్యం లోకంలో ఒకటి ఉందన్నమాట.

లోపల ఏమవుతుందని నన్ను అడిగింది. ఏదో చదువుతుంటాడు కాబట్టి వీడికి తెలిసి ఉంటుందని ఆమె అనుకుంటుంది. నాకేం తెలుసు? ఫోనులో వెతికాను. కండరంలో ముడులు విడిపోతాయని కొందరు రాశారు. ముడులూ లేవు, విడిపోవడమూ లేదు, నొప్పి సంగతి మెదడుకు చేరవేసే నరాలు కాసేపు పట్టు సడలిస్తాయి, అందుకే కాలు ఇంకాస్త సాగడానికి మనసు ఒప్పుకుంటుందని ఇంకొందరు రాశారు. ఒక్క విషయంలో మాత్రం చాలామంది ఏకమయ్యారు. ఆ సాగుడు ఎక్కువసేపు నిలవదు. నిమిషాల్లో పోతుంది.

"నిమిషాల సుఖానికి ఇంత ఆర్భాటం," అన్నాను.

"దూకడానికి ఎంతసేపు పడతాదిరా? గంటా?" అంది అక్క.



ధర్మపురిలో ఒక షాపులో అలాంటి రోలరు ధర అడిగి, దాన్ని ఒకసారి చేత్తో నొక్కి చూసి, కొనలేక తిరిగి వచ్చేసింది. షెడ్డు వెనక చిన్న పురుగుల తట్టల చుట్టూ పెట్టే ఫోము పట్టీలు పాతవి పడి ఉంటాయి. ఆ పట్టీలు తడిపి పెడితే తట్టలో చల్లదనం నిలుస్తుంది, ఆకు వాడదు. చినిగిపోయినవి పారేస్తారు. అవి ఏరుకొచ్చి, డ్రిప్పు పైపులు వేయగా మిగిలిన ఒక లావు పైపు ముక్క చుట్టూ చుట్టి, సైకిల్ ట్యూబు కోసి బిగించి కట్టింది. అరుగు మీద కూర్చుని తొడ కింద పెట్టి దొర్లించడం మొదలుపెట్టగానే వాళ్లమ్మ కాళియమ్మ తొంగి చూసింది.

"ఏమే, సపాతీ తేమతా ఉండావా?"

"అవునుమా. పెండ్లి సపాతీ. నువ్వూ తింటావా?"

"నీ తొడలతో చేసింది ఎవురు తింటారే!"

అక్క చేసిన తప్పు ఇక్కడే. మా వాళ్లకు నొప్పి పుట్టకపోతే మందు పని చేసినట్టు కాదు. కషాయం చేదుగా ఉండాలి, కాలు పిసికేవాడు అరిపించాలి, లేకపోతే డబ్బు దండగ. ఆ లెక్కన తమిళ్‌సెల్వి ఒంటి బరువంతా పైపు మీద వేసి, పళ్లు బిగించి, ఊపిరి బిగపట్టి, ఎక్కడ ఎక్కువ నొస్తే అక్కడే ఆపి నొక్కేది. మోకాలి వెనక గుంటలో కూడా. కళ్లలో నీళ్లు తిరిగితే బాగా పట్టిందని సంతోషపడేది. అక్కడితో ఆగక, తెల్లారి ఇంకా గట్టిగా చేసేది.

తర్వాతి వారం ఆమె కాళ్ల మీద నేరేడుపండ్ల రంగు మచ్చలు లేచాయి. షెడ్డులో గొంతుకూర్చోలేక ఒక చేత్తో అర పట్టుకుని ఆకు పరిచింది. మునివెంకటమ్మ చేతులు వాసన చూసి వదిలేసే మనిషి, ఆ రోజు అక్క చీర అంచు కొంచెం పైకి జరిపి చూసింది.

"ఎవుడు కొట్టినాడు?"

"ఎవురూ లేదు పెద్దమ్మా. పైపు."

"పైపుతో ఎవుడు కొట్టినాడు?"

"నేనే."

 ముసలామె పైపును తెప్పించుకుని చూసింది. ఫోమును ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది నా షెడ్డు ఫోము. పురుగుల కింద పెట్టేదాన్ని తొడ కింద పెట్టుకుంటావా? నీ చెమట మళ్లా తట్టలోకి వస్తే?" అని అంగడి వీధి దాకా వినిపించేలా తిట్టింది. తిట్లు అయిపోయాక కూడా పైపును చేతిలోంచి వదలలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "దీన్తో ఏమైతాది?" అని అడిగింది.

సెల్వం మాస్టరు మచ్చలు చూసి తల పట్టుకున్నాడు. ఆయన తమిళంలో అన్నది నాకు అక్క ఇంటికొచ్చి అప్పజెప్పింది. మొదట ఫోములోకి బొటనవేలు గుచ్చాడట. వేలు నేరుగా పైపుకు తగిలింది. "నీ బరువు పడితే ఈ ఫోము ఉందా, లేదా? లేదు. నువ్వు ఎముక మీద పైపు దొర్లించినావు. ఇంక ఆ మోకాలి గుంట జోలికి పోయినావంటే నా గ్రౌండుకు రావద్దు." తర్వాత ఆమెను తన రోలరు మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా దొర్లిస్తూ ఊరి సంగతులు చెప్పమన్నాడు. చెబుతూ చెబుతూ మాట ఎక్కడ ఆగిపోయిందో అక్కడ బరువు తగ్గించమన్నాడు. మాట్లాడగలిగినంత నొప్పే చాలట. దొర్లించడం అయ్యాక వెంటనే కాలు ముందుకూ వెనక్కూ ఊపాలి, చిన్నచిన్న గంతులు వేయాలి. కండరం మేలుకున్నాక దానికి పని చూపించకపోతే మళ్లీ నిద్రపోతుందన్నాడు.

మచ్చలు తగ్గేదాకా ఆమె దూకలేదు. ఆ రోజుల్లో రెండో రోలరు తయారైంది. కారిమంగళం సంతలో ఎల్లప్పన్ అని చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు. చెప్పుల అట్టకు వాడే రబ్బరు షీటు గట్టిగానూ ఉంటుంది, నొక్కితే కొంచెం లోపలికీ పోతుంది. దాన్ని పైపు చుట్టూ అంటించి ఇమ్మంది.

"ఇంత లావు చెప్పు ఎవురికి?" అన్నాడు ఎల్లప్పన్.

"ఏనుక్కి."

"ఇంకో మూడు కాళ్లకు ఎప్పుడు వస్తావు?"

రోలరు బాగా కుదిరింది గాని జిగురు కంపు. ఇంట్లో పెడితే ఆ కంపు బట్టలకు పడుతుంది, బట్టల నుంచి షెడ్డుకు పోతుంది. దాన్ని గడ్డివామి మీద ఎండబెట్టారు. రోజూ పొద్దున మునివెంకటమ్మ కట్టె పట్టుకుని అక్కడిదాకా వచ్చి వాసన చూసేది. "ఇంకా చెప్పులంగడే" అనేది. మర్నాడు "ఇంకా ఉండాది" అనేది. చివరికి ఒకరోజు ఏమీ అనలేదు. గడ్డివామి మీద చూస్తే రోలరూ లేదు. వెతుక్కుంటూ పోతే షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు మీద మునివెంకటమ్మ, ఆమె పాదాల కింద రోలరు, ముందుకూ వెనక్కూ దొర్లుతోంది.

"పెద్దమ్మా, అది నాది."

"నీదే. ఎవురు కాదన్నారు? పిక్కకు ఎట్ల పెట్టాల, చెప్పు."

ఆ సాయంకాలం అక్క ఆమెకు పిక్క కింద పెట్టడం చూపించింది. ముసలామె "అబ్బా" అంది, "ఊ" అంది, కాసేపటికి తన పెండ్లినాటి సంగతి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మాట ఆగలేదు కాబట్టి బరువు సరిగ్గానే ఉందన్నమాట. అప్పటి నుంచి రోలరు పొద్దున అక్కది, మధ్యాహ్నం ఆమెది.

నేను దూరం నుంచి చూస్తూ ఉండేవాణ్ని. అక్క ఇప్పుడు వంగితే వేళ్లు పాదాలను తాకుతున్నాయి. వాగు ఇసుకలో దూకితే ఆ జానెడులో సగం దొరికింది. మిగిలిన సగం కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు.

గ్రౌండు పరీక్ష తేదీ దగ్గర పడింది. ఎండలు ఒక్కసారిగా ముదిరాయి. వేడికి పురుగులు అనుకున్నదాని కంటే ముందే పండాయి, పరీక్షకు ముందురోజు పొద్దునే. పండిన పురుగు ఒళ్లు పసుపుగా మెరుస్తుంది, తల ఎత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటుంది. వెంటనే ఏరి చంద్రికలనే వెదురు తడకల మీద వేయాలి. ఆలస్యమైతే ఆకులోనే గూడు కడుతుంది, ఆ గూడు దేనికీ పనికిరాదు. కూలీల్లో సగం మంది పళ్లిపట్టి అనే ఊళ్లో పెండ్లికి పోయారు. జయరామ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"సెల్వీ, నీకు రేపు ఆ పరీక్ష ఉండాదని తెలుసు. పొమ్మనే అంటా. కానీ మనుషులు లేరుమా."

మాస్టరు ఆ రోజంతా కాళ్లకు విశ్రాంతి ఇవ్వమన్నాడు. గొంతుకూర్చుని రోజంతా పురుగులు ఏరితే ఏమవుతుందో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? అదే నేను చెప్పాను. రైతు పంట పోతే ప్రభుత్వం చూసుకుంటుంది, నీ వయసు పోతే ఎవరు చూసుకుంటారు అన్నాను. ప్రభుత్వం చూసుకోదని నాకూ తెలుసు, కోపంలో అలా అన్నాను. ఆమె అరల వైపు చూసింది. పురుగులు తలలెత్తి గాలిలో అటూ ఇటూ ఊపుతున్నాయి. చిన్నప్పటి నుంచి వాటిని మేపిన మనిషి వాటిని ఆ స్థితిలో వదిలిపోతుందా? చీర కుచ్చెళ్లు దోపుకుని లోపలికి పోయింది.

అప్పుడు మునివెంకటమ్మ చేసిన పని నేను ఊహించనిది. స్టూలు పక్కకు నెట్టి, గుమ్మం బయట నీడలో గోనెపట్టా పరిచి, దాని మీద రోలరు పెట్టింది. కాసేపు కాగానే కట్టెతో తలుపు తట్టింది.

"సెల్వీ! బయటికి రా."

"ఇంకా ఈ అర కాలేదు పెద్దమ్మా."

"అర నేను చూసుకుంటా. రా. కాళ్లు దొర్లించు."

డెబ్బై దాటిన ఆమె అర ముందు కూర్చుని పురుగులు ఏరింది. కోడలినీ పిలిచింది, జయరామనూ కూర్చోబెట్టింది. "నువ్వు ఏమిటికి నిలబడి చూస్తావు? నీకు నడుం లేదా?" అంది. సిగరెట్టు వాసన వస్తోందని నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. సాయంకాలం దాకా అదే తంతు. అక్క కాసేపు ఏరుతుంది, తలుపు మోగుతుంది, బయటికి వస్తుంది, పిక్క, తొడ ముందు, తొడ వెనక నెమ్మదిగా దొర్లిస్తుంది, కాళ్లు ఊపుతుంది, మళ్లీ లోపలికి. పొద్దు వాలేసరికి చివరి అర ఖాళీ అయింది. అక్క లేచి నిలబడి ముందుకు వంగింది. వేళ్లు పాదాల దాకా పోలేదు గాని చీలమండ దగ్గర ఆగాయి.

"ఎట్ల ఉండాది?" అన్నాను.

"బరువుగా ఉండాది. బిగుసుకోలా."

మర్నాడు ధర్మపురి గ్రౌండు గేటు దగ్గర రోలరును లోపలికి తీసుకుపోనివ్వలేదు. నీళ్ల సీసా కూడా వద్దన్నారు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని కంచె బయట కూర్చున్నాను. పోయేవాళ్లు అదేదో బాంబులా చూశారు. పరుగు పొద్దునే అయింది, ఆమె గట్టెక్కింది. బంతి కూడా బాగానే పడింది. లాంగ్ జంప్ కోసం వరసలో కూర్చోబెట్టారు, ఎండలో, చాలాసేపు. ఉద్యోగమిచ్చేవాడికి ఆగగలిగే మనుషులే కావాలేమో. పొద్దున దొర్లించిన దాని ప్రభావం ఎప్పుడో పోయి ఉంటుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ముగ్గురేసి చొప్పున పిలుస్తున్నారు. ఒక్కొక్కరికి మూడు దూకుళ్లు. ఆమె మొదటిసారి దూకింది, తక్కువ పడింది. ఎర్ర జెండా. రెండోసారి తెల్ల గీత తొక్కేసింది. మళ్లీ ఎర్ర జెండా. వెనక్కి వచ్చి తన వంతు కోసం ఇసుక పక్కన కూర్చుంది. కంచె సందులోంచి నాకు ఆమె వీపే కనిపిస్తోంది. తల దించి ఉంది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే ముంజేతి ఎముకను తొడ మీద అడ్డంగా పెట్టి, మోకాలి పై నుంచి తుంటి దాకా నెమ్మదిగా జరుపుతోంది. ఒక తొడ, తర్వాత రెండోది. పిక్కను రెండో కాలి మోకాలి మీద పెట్టి అటూ ఇటూ కదిలించింది. పక్కనున్న అమ్మాయి నవ్వింది, ఏదో అడిగింది. అక్క చేయి ఆపకుండా ఏదో చెప్పింది. ఆ అమ్మాయి కూడా తన తొడ మీద ముంజేయి పెట్టుకుంది. తన వంతు దగ్గర పడగానే అక్క లేచి నాలుగు గంతులు వేసింది, కాళ్లు ఊపింది.

పరుగెత్తి వచ్చింది. గీతకు ముందే కాలు వేసింది, గాలిలోకి లేచింది. ఇసుకలో పడి ముందుకు తూలింది. తెల్ల జెండా లేచింది.

 

బయటికి వచ్చి మొదట నీళ్లు అడిగింది. తర్వాత నా ఒళ్లో రోలరును చూసి, "ఇది లేకుండానే దూకినాను చూసినావా?" అంది. ఇంకా తుది జాబితా రావాలి. ఆ జాబితా ఎప్పుడొస్తుందో, అందులో పేరు ఉంటుందో లేదో, మా ఊళ్లో ఎవరూ పందెం కాయరు. మధ్యలో ఎవరో ఒకరు కోర్టుకు పోతారు, అన్నీ ఆగిపోతాయి. నేను అలా అంటే ఆమె వినిపించుకోలేదు. బస్సులో దారి పొడుగునా ఒకటే ప్రశ్న.

"మూడోసారి అంత దూరం ఎట్ల పోయినాను? చేత్తో నొక్కినందుకా? గంతులు ఏసినందుకా? లేదా భయానికా?"

"భయానికే," అన్నాను.

"అట్లయితే మొదటిసారి భయం లేదా నాకు? అప్పుడే ఎక్కువ ఉండె."

మర్నాడు సాయంకాలం ఆమె వాగుకు రమ్మంది. పాస్ అయింది కదా, ఇంకేం దూకుడు అన్నాను. నువ్వు తాడు పట్టుకో, కొలవాల అంది. మునివెంకటమ్మ కట్టె పట్టుకుని వెనకే వచ్చి గట్టు మీద కూర్చుంది. మొదట ఏమీ చేయకుండా దూకింది. ఇసుకలో పుల్ల గుచ్చాం. తర్వాత రోలరు మీద కాళ్లు దొర్లించి, ఊపి, గంతులేసి దూకింది. పుల్ల ముందుకు పోయింది. ముసలామె చప్పట్లు కొట్టింది. కాసేపు కూర్చుని కాళ్లు చల్లారాక, ఏమీ చేయకుండా మళ్లీ దూకింది. ఈసారి పుల్ల ఇంకా ముందుకు పోయింది.



"అంటే రోలరు పనికిరాదా?" అన్నాను.

"దాని పని ఇంకా కాళ్లలో మిగిలి ఉండాదేమో," అంది అక్క.

"నిమిషాల్లో పోతుందని రాసినారు."

"రాసినోళ్లు నా కాళ్లు చూసినారా?" అని ఇసుక దులుపుకుని మొదటి గీత దగ్గరకు నడిచింది. "రేపు ముందు రోలరు లేకుండానే రెండుసార్లు దూకతా. ఆమీద చూస్తాం. పెద్దమ్మా, పొద్దున దాన్ని నువ్వు ఎత్తుకోని పోవద్దు, సెరేనా?"

 మునివెంకటమ్మ రోలరును తన కాళ్ల కిందికి లాక్కుంది.